ఆర్‌సీఎం బడిలో ఒకటో తరగతి

బడులు తెరిచి నెల కావస్తోంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కొత్తగా ఒకటో తరగతిలో వేసిన పిల్లలుంటే ఆ ఇంట్లో పొద్దుటిపూట ఎలా గడుస్తోందో నేను చెప్పక్కర్లేదు. ఆదివారం రాత్రి అన్నం తినేదాకా చలాకీగా ఉన్నవాడికి సోమవారం పొద్దున మొహం కడగగానే కడుపునొప్పి వస్తుంది. బడి గంట కొట్టిన కాసేపటికి దానంతటదే తగ్గిపోతుంది. ఈ నొప్పికి మందు లేదు. దసరా సెలవులు దాటితే రాదు.

పల్నాడులో ఒక పల్లెలో ఆర్‌సీఎం ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూల్లో ఒకటో తరగతి చెప్పడమే నేను చేసిన ఉద్యోగం. రిటైరయ్యాక కొంతకాలం పట్టణంలో సిస్టర్లు నడిపే ఇంగ్లీషు మీడియం బడిలో కూడా చిన్నపిల్లల దగ్గరే పనిచేశాను. రెండూ కతోలిక బడులే. రెండింటి గోడమీదా అదే మరియమాత పటం, అదే సిలువ. కాని ఆ గోడల మధ్య ఆరేళ్ల పిల్ల గడిపే మొదటి ఏడాది మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు. ఆ సంగతే ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం, కృష్ణా జిల్లాల వాళ్లకు ఆర్‌సీఎం అంటే విడమరిచి చెప్పనవసరం లేదు. మా వైపు పల్లెల్లో మూడు రకాల బోర్డులుంటాయి. ఆర్‌సీఎం అంటే రోమన్ కేథలిక్ మిషన్. ఎఇఎల్‌సీ అంటే లూథరన్లు. ఎబీఎం అంటే అమెరికన్ బాప్టిస్టులు. ఎవరైనా "మాది ఆర్‌సీఎం అమ్మా" అన్నారంటే వాళ్ల గుడి ఏది, బడి ఏది, పెళ్లి ఎవరు చేయిస్తారు, సమాధులదొడ్డి ఏ పక్క, అన్నీ తెలిసిపోతాయి. చాలా పల్లెల్లో గుడీ బడీ ఒకటే కప్పు కింద ఉండేవి. ఆదివారం దివ్యపూజ, సోమవారం నుంచి ఎక్కాలు. పంతులుగారే సాయంత్రం ఉపదేశి. పగలు పిల్లలకు గుణింతాలు చెప్పి, దీపాలు పెట్టే వేళకు పెద్దలను కూర్చోబెట్టి జపం చెప్పించేవాడు.

ఈ బడులు పల్లెలోకి ఎందుకు వచ్చాయో కూడా చెప్పాలి. ఊళ్లో బడి ఉంది. కాని మాలపల్లె పిల్లవాడు ఆ బడి అరుగు ఎక్కే రోజులు కావవి. బయట నిలబడి వింటే విననిచ్చారు, లేకపోతే అదీ లేదు. మిషన్ వాళ్లు బడిని పల్లె మధ్యకే తెచ్చారు. గురువులు మతం కోసమే వచ్చారు, అందులో దాపరికం ఏమీ లేదు. కాని పల్లెలో మూడు తరాల వాళ్ల వేలిముద్రలు సంతకాలుగా మారింది ఆ పాక బడుల్లోనే. ఈ మాట కతోలికులు కాని వాళ్లు కూడా ఒప్పుకుంటారు.

మిషన్ వాళ్లలో రెండో రకం బడి కూడా మొదటినుంచీ ఉంది, పట్టణాల్లో. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ బడి 1847 నాటిది. అన్సీ నుంచి వచ్చిన సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాంలో దిగారు. ఇటలీలోని ట్యూరిన్ నుంచి సెయింట్ ఆన్ సిస్టర్లు 1871లో సికింద్రాబాదు వచ్చారు. మా గుంటూరుకు హాలండ్ నుంచి జేఎంజే సిస్టర్లు 1904లో వచ్చారు. వీళ్ల బడుల్లో ఇంగ్లీషుకు పెద్దపీట. కలెక్టరు పిల్లలు, వకీళ్ల పిల్లలు చదివారు. ఒకే సభ, రెండు గుమ్మాలన్నమాట. పల్లె గుమ్మం తెలుగులోకి తెరుచుకుంది, పట్నం గుమ్మం ఇంగ్లీషులోకి.

సరే, పిల్ల దగ్గరికి వద్దాం.

ఒకటో తరగతిలో మొదటి పాఠం అఆలు కాదు, అడ్మిషన్ రిజిస్టరు. అది పిల్లకు తెలియదు, తల్లికి తెలుస్తుంది. పేరు అడుగుతాం. ఇంట్లో చిట్టి. జ్ఞానస్నానం పుస్తకంలో ఆరోగ్యమేరీ. ఆధార్‌లో ఇంకోటి. తాతల కాలంలో ఈ బాధ లేదు. రాయప్ప, చిన్నప్ప, శౌరి, జోజి, ఇన్నయ్య అని పునీతుల పేర్లే తెలుగు పేర్లయిపోయి ఉండేవి. గుడిలో ఆ పేరే, పొలంలో ఆ పేరే. ఇప్పుడు టీవీ చూసి పెట్టిన పేరొకటి, ఫాదర్‌గారు పెట్టిన పేరొకటి. ఏది రాయమంటారమ్మా అంటే తల్లి మొగుడి వంక చూస్తుంది.

పేరు తర్వాత మతం, కులం గడులు. ఇక్కడ గదిలో మాటలు తగ్గిపోతాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం పుచ్చుకున్న మాల, మాదిగ కుటుంబం ఎస్సీ కిందికి రాదు. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సీ, అందులో ఒక శాతం రిజర్వేషన్. తర్వాత సిక్కులకు, బౌద్ధులకు ఆ ఉత్తర్వు సవరించారు, క్రైస్తవులకు సవరించలేదు. అందుకని పొద్దున జపం చేసి వచ్చిన తండ్రి ఆ గడి ముందు "హిందువు అని రాయండి టీచర్" అంటాడు. ఇంకొకాయన రోషంతో "క్రైస్తవులమనే రాయండి, ఏదైతే అదవుతుంది" అంటాడు. ఆ పక్కనే నిలబడ్డ బిడ్డ నా బల్లమీద ఇంకు ప్యాడ్ ఎలా తెరుచుకుంటుందా అని చూస్తుంటుంది. పదిహేనేళ్ల తర్వాత దాని ఉద్యోగం ఏ జాబితాలో పడుతుందో ఆ నిమిషంలోనే తేలిపోతుంది. బడి ఇందులో చేయగలిగింది లేదు. చెప్పింది రాయడమే. నేను మాత్రం ఆ గడి పిల్లల ముందు బిగ్గరగా అడిగేదాన్ని కాదు, కాగితం తండ్రి ముందుకు జరిపేదాన్ని.

మొదటి నెలంతా పిల్లలు నేర్చుకునేది చూసి చేయడం. వరసలో నిలబడటం, చెప్పులు గుమ్మం పక్కన జతగా విడవటం, నీళ్లకు ఒకరి తర్వాత ఒకరు వెళ్లటం. ఇవన్నీ ఏ బడిలో అయినా ఉన్నవే. కతోలిక బడిలో అదనంగా సిలువ గుర్తు వేసుకోవటం ఉంటుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఎదురుగా నిలబడి నేను కుడిచేత్తో నుదురు, ఛాతీ, ఎడమ భుజం, కుడి భుజం తాకి చూపిస్తానా, పిల్లలంతా నన్ను అద్దంలో చూసినట్టు చూసి ఎడమచెయ్యి ఎత్తుతారు. నా కుడిచెయ్యి వాళ్లకు ఎడమ పక్క కదా. కుడిచెయ్యి, కుడిచెయ్యి అని అరిచి లాభం లేదు. కుడి ఏదో ఇంకా తెలియని వయసు. కొత్త టీచర్లు దీన్ని పట్టుకోలేక నానా అవస్థ పడతారు. వెనక్కి తిరిగి, పిల్లలకు వీపు చూపిస్తూ వేయాలి. రెండు రోజుల్లో వచ్చేస్తుంది. గాలిలో 'అ' దిద్దించేటప్పుడూ అంతే, వెనక్కి తిరగాల్సిందే. ఎదురుగా నిలబడి దిద్దిస్తే సున్నా ఎటు తిప్పాలో తలకిందులు అవుతుంది. ఈ పద్ధతికి ఉన్న నష్టం ఒకటే. వీపు చూపించగానే వెనక గిల్లుడు మొదలవుతుంది. అందుకని రెండో తరగతి పిల్లను ఒకదాన్ని ముందు నిలబెట్టేదాన్ని. ఒక్క టీచరే ఒకటి నుంచి అయిదు దాకా చెప్పే బడుల్లో పెద్దపిల్లలే సగం ఉపాధ్యాయులు.

జపాలు వాళ్లకు ఎలా వస్తాయో గమనించడం నాకు భలే ఇష్టంగా ఉండేది. పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం, వీటన్నిటిదీ పాతకాలపు గ్రాంథిక తెలుగు. ఆరేళ్ల పిల్లకు అందులో ఒక్క క్రియాపదమూ ఇంట్లో విన్నది కాదు. అయినా రాగం పట్టేస్తారు. మాట ఎక్కడ తెగుతుందో తెలియదు కాబట్టి వాళ్లకు తోచినచోట తెంపుకుంటారు. ఒక పిల్లవాడు నన్ను చాలా గంభీరంగా అడిగాడు: "టీచర్, పితాపుత్ర అంటే మన కొత్త ఫాదర్‌గారి పేరా?" నవ్వొచ్చినా ఆ ప్రశ్న ఊరికే పోనివ్వకూడదు. పిత అంటే నాన్న, పుత్రుడంటే కొడుకు, మీ నాన్నా నువ్వూ లాగా అని చెప్పాను. ఆ పూటనుంచి వాడు ఆ మాటల మధ్య ఆగి, ఊపిరి తీసుకుని మరీ చెప్పేవాడు. మాటకు అర్థం తెలిస్తే నోరు తనంతట తనే సరిగ్గా తిరుగుతుంది. ఒకటో తరగతి చదువంతా ఇంతే అని నా నమ్మకం. పిల్ల ఇంట్లో మాట్లాడే మాటకూ బడి మాటకూ మధ్య దారి పడితే చదువు వస్తుంది. దారి పడకపోతే చిలకపలుకులు వస్తాయి. చిలకపలుకులు కూడా మార్కులు తెస్తాయి కాబట్టి తల్లిదండ్రులకు తేడా వెంటనే తెలియదు.

కతోలిక సభకూ ఈ సంగతి తెలియనిది కాదు. చిన్నపిల్లలకు దివ్య సత్ప్రసాదం ఇచ్చే విషయంలో పదవ పయస్ పోప్ 1910లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు ఏడేళ్లకు పిల్లకు మంచీచెడూ, మామూలు రొట్టెకూ సత్ప్రసాదానికీ తేడా తెలుస్తుంది, అప్పుడు ఇవ్వవచ్చు అని దాని సారాంశం. అంటే ఒకటో తరగతి పిల్ల ఆ గీతకు ఇవతల ఉన్నట్టే. అందుకే ఒకటో తరగతిలో సత్యోపదేశం అంటే పెద్దగా ఏమీ ఉండదు. సిలువ గుర్తు, చిన్న జపాలు, బాలయేసు కథ, అంతే. అసలు పాఠాలు మూడు, నాలుగు తరగతుల్లో.

అక్షరాల దగ్గర మేము చేసిందేమిటంటే, వాచకంలో ఉన్న మాటలతో పాటు పిల్లల నోట్లో ఉన్న మాటలు తీసుకునేవాళ్లం. తల, వల, పలక, పడవ అని వాచకం మొదలవుతుంది. బాగానే ఉంది, అన్నీ గుణింతాలు లేని మాటలు. కాని మా పల్నాడు పిల్ల పడవ ఎక్కడ చూసింది? మిరప, పత్తి, కల్లం, జొన్న, టిక్కీ, ఇవీ వాళ్ల మాటలు. మిరపకాయలు కుట్టిన గోతాన్ని మావైపు టిక్కీ అంటారు. 'ట'కు గుడి, 'క'కు గుడి దీర్ఘం, కింద 'క' ఒత్తు. ఒకటో తరగతికి ఒత్తు ఎక్కువే అని ఇన్‌స్పెక్టరుగారు ఒకసారి అభ్యంతరం చెప్పారు. ఆయన మాట నిజమే. కాని బోర్డుమీద టిక్కీ అని రాయగానే వెనక వరసలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు లేచి, మా నాన్న నిన్న నలభై టిక్కీలు లారీకెత్తాడు అన్నాడు. ఆ తర్వాత ఆ ఒత్తు నేర్పడానికి నాకేం కష్టం కాలేదు. 'మ'కూ 'య'కూ, 'ప'కూ 'వ'కూ, 'డ'కూ 'ద'కూ పిల్లలు పొరబడుతూనే ఉంటారు. మిరపలో 'మ', మిరపలో 'ప' అని గుర్తు చెబితే ఆ గొడవ సగం తీరేది.

పల్లె బడి ఏడాది పంట వెనకే నడుస్తుంది. అక్టోబరు నుంచి పత్తి తీతలు. సంక్రాంతి దాటాక మిరపకోతలు. కర్నూలు వైపు నుంచి కూలీలు బండ్లకు బండ్లు దిగుతారు, మా పల్లెవాళ్లూ పక్క మండలాలకు పోతారు. అప్పుడు హాజరు పట్టీ చూస్తే టీచరుకు దిగులేస్తుంది. ఒకటో తరగతి పిల్ల తనే ఒక పసివాడిని చంకనేసుకుని బడికొస్తుంది. వాణ్ణి పంపించెయ్ అంటే అదీ పోతుంది. కాబట్టి వాణ్ణి ఒక మూల గోనె మీద పడుకోబెట్టేవాళ్లం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మాత తిరునాళ్లు. ఆ మూడు రోజులు కూడా బడి సగం ఖాళీ. గుణదలకు ఎవరు వెళతారంటే ఎవరు వెళ్లరని అడగాలి. 1924లో ఆర్లాటి అనే ఫాదర్ ప్రతిష్ఠించిన ఆ మాత దగ్గర ఇప్పటికీ తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. తిరునాళ్ల నుంచి గుండుతో తిరిగొచ్చిన పిల్లల్లో ఎవరు కతోలికులో, ఎవరు కాదో గుండు చూసి చెప్పలేం.

పన్నెండింటికి గుడిగంట కొడతారు, త్రికాల జపానికి. గడియారం చూడటం రాని పిల్లలకు ఆ గంటే అన్నం గంట. జపం అయ్యీ కాకముందే కాళ్లు పళ్లాల వైపు తిరిగి ఉంటాయి. 2003 నుంచి మధ్యాహ్న భోజనం బడిలోనే వండుతున్నారు, ఎయిడెడ్ బడులకూ ఇస్తున్నారు. అన్నం ముందు ఒక చిన్న ప్రార్థన చెప్పించేవాళ్లం. మా బడిలో ఎరుకల పిల్లలు, దూదేకుల పిల్లలు, ఊళ్లోంచి వచ్చే ఒకరిద్దరు కాపుల పిల్లలు కూడా ఉండేవాళ్లు. వాళ్లు చేతులు కట్టుకుని నిలబడితే చాలు. కొందరు అందరితో పాటు చెప్పేసేవాళ్లు, పిల్లలు కదా.

ఈ విషయంలో జనానికి రకరకాల అనుమానాలున్నాయి. నన్ను అడిగితే చట్టం స్పష్టంగానే ఉంది. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో గాని, ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడిలో గాని, మతబోధకూ ప్రార్థనకూ ఏ పిల్లనూ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అందుకే సత్యోపదేశం పీరియడ్‌లో కతోలిక పిల్లలు ఒక గదికి, మిగతా పిల్లలు నీతి పాఠాలకు మరో గదికి వెళ్లే అలవాటు పెద్ద బడుల్లో ఎప్పటినుంచో ఉంది. 2024లో భారత కతోలిక మేత్రాణుల, అంటే బిషప్పుల, సమాఖ్య కూడా తన బడులకు మార్గదర్శకాలిచ్చింది. ఇతర మతాల పిల్లలమీద మన ఆచారాలు రుద్దవద్దనీ, పొద్దుటి అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ అందులో ఉంది. మంచి మాటే. ఒకటో తరగతి పిల్ల పీఠికలోని 'సర్వసత్తాక' అనే మాటను ఎన్ని ముక్కలు చేస్తుందో వినాలని మాత్రం నాకు సరదాగా ఉంది.

మతం గురించి పెద్దలు పడే బెంగ పిల్లలు పడరు. పొద్దున ఇంట్లో నాయనమ్మ తులసికోటకు దండం పెట్టిస్తుంది, బడిలో మరియమాతకు పెడతారు, సాయంత్రం దర్గా దాటుతూ అక్కడా ఒకటి పెడతారు. ఎక్కడ చెప్పులు విప్పాలో, ఎక్కడ మోకరించాలో వాళ్లకు ఏ గందరగోళం లేదు. క్రిస్మస్‌కు బడి వరండాలో పశువుల పాక కట్టేవాళ్లం. జొన్నచొప్పతో కప్పు, వెదురుబద్దలతో నక్షత్రం. మట్టితో బొమ్మలు చేసి తీసుకురమ్మంటే ఒకటో తరగతి పిల్లాడు ఒక గేదెను చేసుకొచ్చాడు. కొమ్ములు వెనక్కి వంపు తిరిగి, పొదుగుతో సహా, అచ్చమైన పాడిగేదె. అయిదో తరగతి వాళ్లు ఎగతాళి చేశారు. బేత్లెహేములో గేదె ఉంటుందా, ఆవూ గాడిదే ఉండాలి అని. అప్పుడు పండగ ఏర్పాట్లకు వచ్చిన సిస్టరమ్మ ఆ గేదెను తీసి బాలయేసు ఉయ్యాల పక్కనే పెట్టింది. "పాలు కావాలి కదా బిడ్డకి" అంది. ఆ సిస్టరమ్మ ఏ బీఈడీ కాలేజీలో చదివిందో గాని, చిన్నపిల్లలకు చదువు చెప్పడం ఆమెకు తెలుసు.

మిషన్ బడులకు దసరా సెలవులు తక్కువ, క్రిస్మస్ సెలవులు ఎక్కువ. ఊళ్లో బడి పిల్లలు దసరాకు గంతులేస్తుంటే మా వాళ్లు పుస్తకాల సంచీతో వాళ్ల ముందునుంచి నడుస్తారు. డిసెంబరులో అది తిరగబడుతుంది. ఆరేళ్ల వాళ్లకు ఇంతకంటే పెద్ద రాజకీయం లేదు.

ఇప్పుడు పట్టణంలో బడి. అక్కడి సిస్టర్ల శ్రద్ధను నేను తక్కువ చేసి మాట్లాడను. గదులు శుభ్రం, మరుగుదొడ్లు శుభ్రం, ప్రతి పిల్ల గోళ్లు చూసేవాళ్లు. పిల్ల రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోను వెళ్లేది. కాని మొదటి ఏడాది ఆ పిల్లలను చూస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల గేటు దాటగానే మూగదైపోతుంది. ఇంటి మాట గేటు బయట వదిలేయాలి, బడి మాట ఇంకా నోటికి రాలేదు. ఆ మధ్యకాలం కొందరికి మూడు నెలలు, కొందరికి ఏడాది. వాళ్లు మొట్టమొదట నేర్చుకునే పూర్తి వాక్యం "మే ఐ గో టు టాయిలెట్". అది నేర్చుకునేలోపు ఎంతమంది బట్టలు తడుపుకుంటారో ఆయమ్మలను అడగండి, చెబుతారు. ఒక పిల్ల ఏడుస్తూ కూర్చుంటే ఏమైందే తల్లీ అని తెలుగులో అడిగాను. అంతే, కట్ట తెగినట్టు చెప్పుకొచ్చింది. రబ్బరు పోయిందట, ఎవరు తీశారో తెలుసట, చెప్పడానికి ఇంగ్లీషు లేదట.

2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు కట్టారు. అప్పుడు రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. పలకలు కట్టడం అరుదే. కట్టకుండానే ఆ పని చేసే బడులు అరుదు కాదు. మిషన్ చరిత్ర తెలిసిన వాళ్లకు ఇది మరీ వింతగా ఉండాలి. 18వ శతాబ్దంలో కెర్దూ అనే ఫ్రెంచి జెస్యూటు గురువు ఈ దేశం వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగు, ఫ్రెంచి, సంస్కృతాలతో నిఘంటువు కూర్చాడు. జనం మాట రానిదే జనంలోకి వెళ్లలేమని ఆ కాలపు ఫాదర్లకు తెలుసు. పాక బడులు పెట్టిన వాళ్లకూ తెలుసు. మొదటి తరగతి తెలుగులో చెప్పడం వాళ్లకు ఉద్యమం కాదు, మరో దారి ఉందని తోచనేలేదు.

నేను ఇంగ్లీషుకు వ్యతిరేకిని కాను. మా పల్లె పిల్లలకు ఇంగ్లీషు వద్దనే హక్కు, తమ పిల్లలను కాన్వెంటుకు పంపిన ఎవరికీ లేదు. నాకు తెలిసినదల్లా ఆ ఒక్క ఏడాది గురించే. జాతీయ విద్యావిధానం 2020 కూడా వీలైనంత వరకు అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంటోంది. అయిదేళ్లు కాకపోయినా ఒక్క ఏడాది చాలంటాను నేను. చదవడం అంటే ఏమిటో పిల్లకు ఒకసారి తన మాటలో తెలిసిపోతే, తర్వాత ఏ భాషలోనైనా చదువుతుంది. చదవడమూ తెలియక, భాషా తెలియక రెండూ ఒకేసారి మోయాలంటే బలమున్న పిల్లలు మోస్తారు, మిగతావాళ్లు వెనక బెంచీకి వెళతారు. ఆ వెనక బెంచీలో ఎవరి పిల్లలు కూర్చుంటారో చెప్పనక్కర్లేదు. ఇంట్లో హోంవర్కు చూసేవాళ్లు లేని పిల్లలు.

పల్లె ఆర్‌సీఎం బడుల పరిస్థితి కూడా ఇప్పుడు చెప్పుకునేలా లేదు. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే ఏళ్ల తరబడి నింపలేదు. టీచరు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఉంటుంది. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలో కలుపుకునే దారి తెరిచింది. చాలామంది ప్రభుత్వ బడులకు వెళ్లిపోయారు. టీచర్ల కోణం నుంచి అది మేలే, జీతానికి భద్రత. బడి కోణం నుంచి చూస్తే పల్లె మధ్య ఉన్న బడి మూతపడి పిల్ల రోడ్డు దాటి పోవాల్సి వచ్చింది. ఉన్న కొద్ది బడుల్లోనూ అయిదు తరగతులకు కలిపి ఇరవైమంది పిల్లలుంటే గొప్ప.

ఏప్రిల్‌లో ఏడాది చివరి పరీక్ష అని ఒకటి పెడతాం. నాకు ఆ మార్కుల మీద పెద్ద నమ్మకం లేదు. బడి వదిలాక పిల్లలను వెంటేసుకుని పల్లె వీధిలో నడిచేదాన్ని. గోడమీద రాతలు, పురుగుమందుల ప్రకటనలు, ఎన్నికల నినాదాలు, చౌకదుకాణం బోర్డు. ఏది కనబడితే అది చదవమనేదాన్ని. ఒత్తుల దగ్గర తడబడతారు, ఊహించి చెబుతారు, ఒకరి తప్పు ఒకరు దిద్దుతారు. ఎన్నికల గోడమీద "మీ అమూల్యమైన ఓటు" అన్నదాన్ని ఒక పిల్ల "మీ అమ్మమ్మ ఓటు" అని చదివింది. మిగతావాళ్లకు అందులో తప్పేమీ కనబడలేదు. ఈ గోడల పరీక్షలో పాసైన పిల్ల రెండో తరగతిలో ఎక్కడ వేసినా నెగ్గుకొస్తుందని ధైర్యంగా చెప్పేదాన్ని.

మే నెలలో పట్టణం బడి వ్యాను పల్లెలోకి తిరగడం మొదలుపెడుతుంది. తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి టీసీ అడుగుతారు. యూకేజీ వయసు పిల్లను తీసుకుపోతామనే వాళ్లతో "ఒక్క ఏడాది ఆగండయ్యా, ఒకటో తరగతి ఇక్కడ కానివ్వండి, ఆ తర్వాత తీసుకుపోండి" అని బతిమాలేదాన్ని. కొందరు వినేవాళ్లు. ఒక తండ్రి మాత్రం చెప్పిందంతా ఓపిగ్గా విని, "మీరు చెప్పింది నిజమే టీచర్, కాని వ్యానులో సీటు ఇప్పుడు పట్టకపోతే వచ్చే ఏడు దొరకదు" అన్నాడు. ఆయన కొడుకు ఆ జూన్‌లోనే వ్యాను ఎక్కాడు. వాడి చెల్లెలు మటుకు మా బడిలో ఒకటో తరగతి పూర్తిచేసి, గోడలన్నీ చదివేసి మరీ వెళ్లింది. సీటు దొరికింది దానికి.